పెట్టినోళ్లకు, తీసేటోళ్లకు

నాచారంలో గౌతమి, ఆమె అక్క భర్త మహిపాల్ కలిసి నడిపే షెడ్డులో ముఖానికి పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ కవచాలు తయారయ్యేవి. మందుపాతరలు తీసేవాళ్లకు అవి ప్రాణరక్షణ. 2008లో ఆఫ్రికాలోని ఒక దేశం నుంచి స్వచ్ఛంద సంస్థ ఒకటి వాటికి ఆర్డరిచ్చింది. అక్కడ యుద్ధం ముగిసినా, సైన్యం పొలాల్లో పాతిన మందుపాతరలు అలాగే ఉండిపోయాయి. వాటిని తవ్వి తీసే పని ఆ సంస్థలోని ఆడవాళ్లది.

సరుకు సిద్ధం కాగానే కస్టమ్స్‌వాళ్లు ఆపేశారు. సైనిక సామగ్రి కాబట్టి ఢిల్లీ అనుమతి కావాలన్నారు. గౌతమి ఢిల్లీ వెళ్లింది. ఒక శాఖ ఇది మా పని కాదంది. రెండో శాఖ, మొదటివాళ్లు ఒప్పుకుంటే అప్పుడు చూస్తామంది. నెలలు గడిచిపోయాయి.

ఈలోగా పక్క షెడ్డు జనార్ధనరావు, మెషిన్‌గన్ బిగించే ఇనుప స్టాండ్లను అదే దేశానికి పంపేశాడు.

"నీకెట్ల వదిలిన్రు మామా?" అంది గౌతమి.

"పర్మిషన్ గావాల్నన్న లిస్టుల గన్ను ఉన్నది గని స్టాండు లేదంట బిడ్డా. ఇనుప సామాను కింద పోయింది. ఒక్కడు అడగలే."

ఆమెకు ఒళ్లు మండింది.

చివరికి అనుమతి వచ్చింది. సంబరంగా చదవడం మొదలుపెట్టిన మహిపాల్, మధ్యలో ఆగి ఒక వాక్యాన్ని మళ్లీ చదివాడు. కవచాలను ఆ దేశపు సైన్యానికి అమ్మవచ్చు. ప్రైవేటు సంస్థకు మాత్రం వీల్లేదు.

"మందుపాతరలు పెట్టినోళ్లకు ఇయ్యొచ్చు, తీసేటోళ్లకు ఇయ్యొద్దా? ఇదేం తీరు బావా?"

"నన్నేం జెయ్యమంటవ్? సైన్యమోళ్లు కొంటమంటున్నరు. షెడ్డు నడవాలె గదా."

కాదనలేకపోయింది. పెట్టెలు లారీకెక్కుతుంటే పక్కకు వెళ్లి సంస్థకు ఫోన్ చేసింది. అవతలి మేనేజరమ్మ కోప్పడలేదు. ఇక ఆగలేక పాత కవచాలతోనే పని మొదలుపెట్టామని, పోయిన వారం ఒకమ్మాయికి కన్ను పోయిందని మెల్లగా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే గౌతమి బ్యాగు సర్దుకుని షెడ్డుకు వచ్చింది.

"మల్ల ఢిల్లీకా? గాళ్లు మారరు గౌతమీ," అన్నాడు మహిపాల్ విసుగ్గా.

"మారకపోతే మారకపోనీ. ఆ పిల్ల కన్ను సంగతి జెప్త. ఎందుకు ఇయ్యొద్దో నా మొఖం జూసి జెప్పమంట," అని ఆటో ఆపి సికింద్రాబాద్ స్టేషన్‌కు పొమ్మంది.