కుర్చీ ఎక్కిన టేప్ రికార్డర్

నేను ఒక టేప్ రికార్డర్‌ను. కుదురుగా ఉండే జాతి కాదు నాది. లోపల చక్రం తిరిగితే గుండె కూడా తిరుగుతుంది. మొదట ఒంగోలులో పెళ్ళిళ్ళకు సన్నాయి వినిపించేదాన్ని. తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో సోషియాలజీ లెక్చరర్ పరాంకుశం గారి సంచిలో పడ్డాను. ఎవరు పైన కూర్చుంటారు, ఎవరు కింద కూర్చుంటారు అన్నదే ఆయన చదువంతా.

కూలీల మాటలు రికార్డు చేద్దామని ఆయన నన్ను తీసుకుని వెళ్తే, పొగాకు ఆకులు రకాలుగా వేరుచేసే గ్రేడింగ్ పనికి వెళ్ళే సలోమి ఆయన కోసం పక్కింటి నుంచి కుర్చీ తెప్పించింది. ఆయన చాప మీదే కూర్చుని, కుర్చీ మీద నన్ను పెట్టారు. అసమానత మీద వ్యాసాలు రాసే ఆయన ఎదుటే మనుషులంతా నేల మీద, యంత్రం కుర్చీ మీద! నాకు సిగ్గేసింది. ఆయనకు మాత్రం తట్టలేదు.

"మేస్త్రి ముందర పీట కూడా వేసుకోనీడు సారూ. కడుపుతో ఉన్నా నేల మీదే. నా పేరు మాత్రం రాయమాకండి. తెలిసిందంటే గేటు కాడే ఆపేస్తాడు. ఆ పని పోతే పిల్లల నోట్లోకి నాలుగు వేళ్ళు పోవు," అంది సలోమి.

ఆయన పేరు మార్చి పత్రికలో రాశారు. ఊరంతా గుప్పుమంది. పొగాకు కంపెనీ యజమాని కాలేజీ సభకే వచ్చి నిలదీశాడు. "అంతా కట్టుకథ. నిజమైతే ఆ గొంతు వినిపించండి!" పక్కనే మేస్త్రి చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

టీ విరామంలో పరాంకుశం గారు నన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళి గడియ పెట్టారు. టేపు వెనక్కి తిప్పి, పాత మాటల మీదే మళ్ళీ రికార్డయ్యేలా ఎర్ర బొత్తాం నొక్కారు. సలోమి మాటలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. చక్రం ఎంతకీ ముందుకు జరగదు. బయట తలుపు బాదుతున్నారు. సగంలో నన్ను లాక్కున్నారా, ఆమె కొంప మునిగినట్టే. నాకు ముచ్చెమటలు పట్టాయి.

"టేపు చెరిగిపోయింది," అన్నారాయన సభలో. అందరూ గొల్లున నవ్వారు. తర్వాత ఎన్ని పుస్తకాలు రాసినా 'కట్టుకథల ప్రొఫెసర్' అన్న పేరు ఆయన్ని వదల్లేదు.

ఆయన రిటైరయ్యాక నన్ను ఆ కాలేజీ మ్యూజియంలో పెట్టారు, మళ్ళీ కుర్చీ మీదే. మొన్న ఆయనే సలోమిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగిపోయాయి.

"ఏదీ, నా గొంతు వినిపియ్యండి."

బొత్తాం నొక్కితే ఉత్త గరగర.

"ఆ రోజే చెరిపేశాను సలోమీ," అన్నారాయన తల వంచుకుని.

"అందుకా మేస్త్రి నన్ను గేటు కాడ ఆపనిది!" అంది సలోమి. నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుని, తనే ఆ కుర్చీలో కూర్చుంది.

"మళ్ళీ నొక్కండి సారూ. ఈసారి నా పేరు పెట్టే చెబుతా."

ఎర్ర బొత్తాం దిగింది. నా బెల్టు ఏనాడో సాగిపోయింది, ఇందాక ఆ కాస్త తిరగడానికే కీచుమంది. తిరగవే, ఈ ఒక్కసారికి తిరగవే అని నన్ను నేనే బతిమాలుకుంటున్నాను.