పద్దెనిమిదో తాళం చెవి

మా ఆయన ప్రేమయ్య శంషాబాద్ బజారులో తాళాలు బాగుచేసేవాడు. నేనా, పొద్దున లేస్తే నోరు మూయని మనిషిని. "అన్ని తాళాలు నా చేతికి లొంగుతయి గని, నీ నోటికేసే తాళమే దొరుకుతలేదు ఎస్తేరు," అని నవ్వేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ తాళం దానంతటదే పడింది. వినేవాళ్ళు లేకుండా గోడతో ఎంతసేపని మాట్లాడతాం?

గోడ అంటే ఉత్త గోడ కాదు. దాని మీద ముప్పై ఎనిమిది తాళాలున్నాయి. విమానాశ్రయం కోసం చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అవుతుంటే జనం దూలాలు, పెంకులు విప్పుకుని పోయారు. ఇల్లే లేకపోయాక తాళం ఎవరికి కావాలి? ప్రేమయ్య సైకిలు మీద తిరిగి, బతిమాలి, ఒక్కొక్కటే తెచ్చుకున్నాడు. అన్నీ పాతకాలపు ఇత్తడివి. గింజల కొట్టు తాళం ఒకటి కొబ్బరికాయంత ఉంటుంది. ఇంకోదానికి మూడు చెవులు, వరస తప్పితే తెరుచుకోదు. ఏ చెవి దేనిదో, ఏ తాళం ఎవరింటిదో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

కొత్త హోటలు గోడకు అలంకారంగా పెడతానని ఒకాయన వచ్చి మంచి ధర చెప్పాడు. చెవులు మాత్రం వద్దన్నాడు, ఎవరు తెరుస్తారని. చెవి లేని తాళం ఉత్త ఇత్తడి ముక్కతో సమానమని చెప్పి పంపించేశాను.

నా మనవరాలు రేచల్ విమానాశ్రయంలో డ్యూటీ చేస్తుంది, అత్తాపూర్‌లో కిరాయికి ఉంటుంది. నెలకోసారి వస్తే కూర్చోకుండానే మాట్లాడుతుంది. ఈసారి మాత్రం కూర్చుంది.

"నువ్వుండంగనే ఏదో ఒకటి చెయ్యి అమ్మమ్మా. నువ్వు పోయినంక ఏ చెవి దేనిదో నాకెట్ల తెలుస్తది?"

అట్టముక్కల మీద రాసి కట్టమంది. నేను మూడో తరగతి చదివాను, అక్షరాలు వచ్చు. అట్టముక్కలో పట్టేంత చిన్న మాటే నాకు రాదు.

అందుకని పట్నంలో పాత సామాన్లు దాచే ఒక చిన్న మ్యూజియం నుంచి సరిత అనే అమ్మాయిని రేచలే పిలిపించింది. చెవినీ తాళాన్నీ ఎన్నటికీ విడదీయకూడదని, తాళాలు వాళ్ళకిచ్చే కాగితంలో రాయించి, వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను.

సరిత నాలుగు శనివారాలు వచ్చింది. నేను చెప్పేదాన్ని, తను రాసుకునేది. విమానం పోతుంటే నేను ఆగేదాన్ని, తన పెన్నూ ఆగేది, మోత తగ్గాక ఎక్కడున్నామో తనే గుర్తుచేసేది. పద్దెనిమిదోది అనంతమ్మ ఇంటిదని చెప్పాను. మర్నాడు కూల్చేసే ఇంటికి తాళం వేసి ట్రాక్టరెక్కి, మూడుసార్లు దిగి వచ్చి ఆ తాళం లాగి చూసుకుందట. సరిత రాయడం మానేసి నా ముఖం చూసింది. ఆరేళ్ళలో నన్ను ఎవరూ అలా చూడలేదు.

నాలుగో శనివారం ముప్పై ఎనిమిదీ అయిపోయాయి. సరిత వాటిని పాత పేపర్లలో చుట్టి పెట్టెలో సర్దింది. గోడకు మేకులు మిగిలాయి. నేను టీ పెట్టాను. తను తాగి, చెంబు నీళ్ళతో గిలాస కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

బుధవారం ఫోన్ చేసింది.

"అవ్వా, పద్దెనిమిదో తాళం తెరుసుకుంటలేదు. చెవి వేరేదున్నట్టుంది."

"అవునా బిడ్డా?"

"మీ దగ్గర అసలుది ఉంటే రేచల్‌తోని పంపిస్తరా?"

"దాన్ని తిప్పే తీరు వేరే ఉన్నది. చెప్తే రాదు. నువ్వే రావాలె."

మా ఇంటి మీదుగా ఒక విమానం పోయింది. మోత తగ్గేదాకా సరిత ఆగింది.

"శనివారం వస్త అవ్వా," అంది.

ప్రేమయ్య ఉంటే తిట్టేవాడు. తాళాన్నీ చెవినీ విడదీయొద్దని అందరితో కొట్లాడి, చివరికి విడదీసింది నేనే. నా ట్రంకుపెట్టె చెవి పద్దెనిమిదోదానికి కట్టి, అసలుది కొంగున ముడేసుకున్నాను. శనివారం ఇచ్చేస్తాను. ఇచ్చాక ఇంకేం మిగలదని తెలుసు.

శుక్రవారం పొద్దుగూకేలోగా ఆ ముడిని మూడుసార్లు లాగి చూసుకున్నాను.