పంటు మీద ‘ప’

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పాపాయమ్మ నోరు మంచిదే, కాకపోతే ఒక్కచోట ఊరుకోదు. ఆవేళ ఆ నోరే ఓ పసిపిల్ల ప్రాణం మీదకి తెచ్చింది.

ఏటిగట్టు పక్కనున్న లంక ఊరి బడిలో ఆవిడ వంటమనిషి. పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండి పెడుతుంది. వంటపాక కిటికీ ఒకటీ రెండూ తరగతుల గదిలోకి తెరుచుకుంటుంది. ఆ గదిలో చెప్పేది ప్రసన్న టీచరు. కిందటేడు అమలాపురం నుంచి బదిలీ మీద వచ్చింది. ఆ అమ్మాయి చెప్పే తీరే వేరు. చేతిలో బెత్తం ఉండదు, కాలాన్ని బట్టి ఓ ఆట ఉంటుంది. మామిడిపళ్ళ రోజుల్లో పిల్లలు చీకి పారేసిన టెంకలన్నీ ఏరించి, కడిగించి, ఒక్కో టెంక మీద ఒక్కో అక్షరం రాయించింది. వానలు పట్టాక అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి, చూరు నుంచి చుక్క పడ్డప్పుడల్లా ఒక మాట చెప్పమంది. చుక్కలు జోరందుకునేసరికి మాటలందక పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేరు.

కిటికీకి ఇవతల పప్పు ఎనుపుతూ పాపాయమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నేర్చుకుంది. పొయ్యి ముందు బూడిదలో వేలితో దిద్దుకునేది, ఎవరైనా వస్తున్న అలికిడైతే అరచేత్తో చెరిపేసేది. అరవైకి దగ్గర పడ్డాక అక్షరాలు దిద్దుతోందంటే ఊళ్ళో నవ్వరూ? అలా గుట్టుగా ఓ గుప్పెడు అక్షరాలు పోగేసింది. వాటిల్లో ‘ప’ అంటే ఆవిడకి మహా ముద్దు. తన పేరులో మొట్టమొదటిది మరి.

ఆ వారం ఆట అక్షరాల వేట. అట్టముక్కల మీద అక్షరాలు రాసి, తడవకుండా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఏ అక్షరాన్ని ఆ అక్షరంతో మొదలయ్యే వస్తువుకి కడతారు. పిల్లలు తలా ఒక అక్షరం చెప్పించుకుని, అదెక్కడుందో వెతికి విప్పుకు రావాలి. ముందురోజు సాయంత్రం టీచరు కొన్ని అట్టముక్కలు పాపాయమ్మ చేతిలో పెట్టింది.

“పొద్దున్నే వస్తూ వస్తూ వీటిని కట్టెయ్యండి మామ్మగారూ. ఇది గేటు పక్కన చింతకి, ఇది వేపకి, ఇదేమో మన పనసకి. బడి ఆవరణ మాత్రం దాటకూడదండోయ్. ఏట్లో నీళ్ళు పెరుగుతున్నాయి.”

“ఆయ్, అలాగేనండి” అంది పాపాయమ్మ.

ఆయ్ అన్న మనిషి అన్నట్టు చేసుంటే ఇంత గొడవే లేదు. చింతకీ వేపకీ సరిగ్గానే కట్టింది, చిక్కంతా ఆ మూడో ముక్కతోనే వచ్చింది. ఆవిడ ఇల్లు గట్టు మీద, రేవుకి ఎదురుగా. రేవులో పంటు ఉంటుంది. రెండు పడవల్ని జతచేసి పైన బల్లలు పరిచి, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ అవతలి ఒడ్డుకి చేరుస్తారు కదా, అదే. వరద ఎర్రనీరు రావడంతో, దాన్ని నడిపే సరంగు బెంజమిన్ తిప్పడం మానేసి రేవులో కట్టేసేడు. పొద్దున్న పాపాయమ్మ చూసేసరికి దాని ముందుభాగం ఇంకా బురదలోనే ఆనుకునుంది, ఎక్కడానికి వేసే బల్లా వేసే ఉంది.

‘ఎంతసేపూ చెట్లేనా? పంటు మటుకు ప కాదూ? ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే కనిపెట్టేను. టీచరుగారు వింటే ముక్కు మీద వేలేసుకుంటారు!’ అనుకుంది.

అనుకోడమేవిటి, చకచకా ఎక్కి, చివరాఖరి కమ్మీకి కట్టేసింది కూడాను. ఏటిగాలికి ఎగిరిపోతుందేమోనని వలతాడు ముక్కతో ముడి మీద ముడి బిగించింది. బడికెళ్ళగానే టీచరుతో గొప్పగా చెబుదామనుకుంది. వెళ్ళేసరికి కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు, బియ్యంలో పురుగులు. ఆ చిరాకులో ఆ సంగతే మర్చిపోయింది.

పదకొండు దాటాక వేట మొదలైంది. వాన తెరిపిచ్చింది. హేమ కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. పేతురు కూతురు, ఒకటో తరగతి. పట్టుకుందంటే ఉడుంపట్టే. పేతురు కొబ్బరికాయలు దింపుతాడు. తల్లి శారోను కువైట్‌లో ఎవరింట్లోనో పనికుదిరి వెళ్ళింది. వెళ్ళేరోజు హేమ చెయ్యి పాపాయమ్మ చేతిలో పెట్టి, “మగాడు, ఆయనకేం తెలుసత్తా? దీన్ని నీకే అప్పజెబుతున్నాను” అని ఏడ్చింది.

“మామ్మా, నా ప లేదు. పనసచెట్టంతా చూసేను” అంది హేమ, కళ్ళల్లో నీళ్ళు తిప్పుకుంటూ.

“పనసకెందుకుంటుందే పిచ్చిమొహవా! ప అంటే పనసొక్కటేనా? నీళ్ళ మీద తేలుతుంది, మనల్ని అవతలొడ్డుకి దింపుతుంది. ఏవిటో ఆలోచించు చూద్దాం!”

హేమ మొహం చేటంతైంది. “టీచరుగారికి చెప్పి...” అంటూ పాపాయమ్మ తిరగమోత సంగతి చూసి తలెత్తేసరికి కిటికీ దగ్గర పిల్ల లేదు. టీచరు దగ్గరికే పోయుంటుందిలే అనుకుని చారు దింపింది.

కాసేపటికి టీచరు ఈల ఊదింది. పిల్లలు గోలగోలగా వచ్చి గుండ్రంగా కూర్చున్నారు. తెచ్చినవాళ్ళు తెచ్చినవి చూపిస్తున్నారు.

“హేమేదర్రా?” అంది టీచరు.

టీచరు పనసచెట్టు వెనక చూసింది. కుళాయి దగ్గర చూసింది. “హేమా! హేమా!” అని రెండో కేకకే గొంతు మారిపోయింది.

పాపాయమ్మకి పంటే గుర్తొచ్చింది. పొద్దున్న చూసిన ఏరు కాదిప్పుడు, గట్టు అవతల నుంచి హోరు వినబడుతూనే ఉంది. ముడి మీద ముడి. ఆ చిట్టివేళ్ళకి అది ఊడి చస్తుందా? అది విప్పందే ఆ మొండిఘటం కదుల్తుందా?

ఇక్కడో మాట చెప్పాలి. ఆ గాభరాలోనూ ఆవిడకో పాడుబుద్ధి పుట్టింది. అట్టముక్క ఎవరు కట్టేరో ఎవరికి తెలుసు? ఊరుకుంటే సరి, రేవు వైపు వెతకమని మాత్రం చెబితే సరి. ఉన్న ఒక్క పనీ పోతే ఈ వయసులో ఎవరు పెడతారు? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. గరిటె విసిరేసి ఒక్క గెంతున గదిలోకొచ్చింది.

“టీచరుగారో! పిల్ల పంటు దగ్గరుందండి. నేనే కట్టేనండి ఆ ముక్క పంటుకి. పాపిష్టిదాన్ని, దారి కూడా నేనే చెప్పేనండి!”

టీచరు ఒక్క మాట తిట్టలేదు. పెద్ద తరగతుల మాస్టారికి పిల్లల్ని అప్పజెప్పి, “మీరు రేవుకి పదండి, నేను బెంజమిన్‌గార్ని తీసుకొస్తాను” అని పరుగందుకుంది.

పాపాయమ్మ గట్టెక్కి చూసింది. ఏరు ఎర్రగా, సుళ్ళు తిరుగుతూ, గుర్రపుడెక్క మొక్కల్ని కుప్పలుకుప్పలుగా మోసుకుపోతోంది. పంటు నీళ్ళమీదకి లేచిపోయింది. వెనకతాడు ఊడి, ముందున్న ఒక్క తాడు మీద గింజుకుంటూ ఏటి వైపు తిరిగింది. ఎక్కే బల్ల కొట్టుకుపోయింది. ఒడ్డుకీ దానికీ మధ్య నీళ్ళు. చివరాఖరున, కమ్మీ పక్కన హేమ ఇంకా ఆ ముడితోనే కుస్తీ పడుతోంది. నీళ్ళు వచ్చినట్టే తెలీదు దానికి.

“యేసయ్యా, గోదారి తల్లీ” అని ఇద్దర్నీ ఒక్క ఊపిరిలో పిలిచింది పాపాయమ్మ. గావుకేక గొంతు దాకా వచ్చింది, మింగేసింది. కేకేస్తే పిల్ల జడుసుకుని పరిగెడుతుంది.

“ఏవే హేమా, ఊడిందా?” అంది, ఇంటి ముందు పలకరించినట్టు.

హేమ తలెత్తింది. అప్పుడు చూసింది నీళ్ళని. నోరు వంకర పోయింది. లేచి, కమ్మీ లేని వైపు నడిచింది. “మామ్మా, దూకేస్తాను. నాకు ఈతొచ్చు.”

“కూకో!” అంది పాపాయమ్మ. “ఆట అవకుండా దూకుతావేవే? దొంగాట ఆడతావా? ముక్క విప్పలేకపోయేవు కాబట్టి నీకు శిక్ష. నేను రాస్తాను, నువ్వు చదవాలి. నడి మధ్యలో కూకుని చదివితేనే లెక్క.”

“నీకు రాయడం రాదుగా!”

“రాదో వచ్చో చూడు మరి.”

రేవు పక్క తడిక పుల్ల ఒకటి పీకి ఒడ్డు బురదలో ఇంతెత్తు ‘ర’ గీసింది. హేమ ఆశ్చర్యంగా చూసింది. వెనక్కి నడిచింది. పంటు నడిమధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“ర! రంపం!”

“ఇదీ?”

“గ! గట్టు!”

టీచరూ, బెంజమిన్, ఇంకో ఇద్దరు మనుషులూ ఆయాసపడుతూ వచ్చేరు. వెనకాలే పేతురు, కబురందగానే కొబ్బరితోటలోంచి అలాగే నడుముకి తాడుతో. “హేమా!” అని అరవబోయిన అతని నోరు టీచరు చేత్తో మూసేసింది.

బెంజమిన్ నీళ్ళని ఒక్క చూపు చూసి గొంతు తగ్గించేడు. “ముందుతాడు పట్టుకుని నేను దిగుతాను. వెనక్కి ఇంకో తాడు వెయ్యాలి. లాగేటప్పుడు పంటు ఒరుగుద్ది. పిల్ల లేచిందా, తూలి ఏట్లో పడిపోద్ది. ఎలాగోలా కూర్చోబెట్టే ఉంచండి పిన్నిగారూ.”

పాపాయమ్మ ‘వ’ రాసింది. “వల!” అంది హేమ. ‘త’ రాసింది. “తడిక!” బెంజమిన్ రొమ్ముల్లోతు నీళ్ళలో ఉన్నాడు. గుర్రపుడెక్క గుట్ట ఒకటి వచ్చి అతన్ని కొట్టింది. మునిగేడు. తేలేడు. తాడు వదల్లేదు.

‘ప’ రాసింది. “అది నాదే!” అని అరిచింది హేమ.

ఇంక లేవు. పాపాయమ్మ దగ్గరున్న అక్షరాలు అయిపోయాయి. టీచరు వైపు చూద్దామా అంటే, తను తల తిప్పితే హేమ కూడా తిప్పుతుంది, నీళ్ళలో తాడు బిగిస్తున్న మనిషిని చూసి లేస్తుంది. హేమ అప్పటికే మోకాళ్ళ మీదకి లేచింది. “అయిపోయిందా మామ్మా? రానా?”

పాపాయమ్మ పుల్ల ఎటు పోతే అటు పోనిచ్చి, ఓ సున్నా, దానికో తోక, నెత్తిన రెండు కొమ్ములూ గీసి పడేసింది.

హేమ మెడ సాచి చూసింది. “అదేంటి?”

“అక్షరం.”

“అలాంటి అక్షరం లేదు!”

“ఎందుకు లేదే? నిన్న మీ టీచరుగారు చెప్పేరు.”

“అబద్ధం! లేదు!” హేమకి ఒళ్ళు మండింది. భయం ఎటు పోయిందో పోయింది. “నువ్వు మ రాయబోయేవు. మ అలా ఉండదు.”

“ఎలా ఉంటుందో రాసి చూపించు మరి. మాటలు ఎవరైనా చెబుతారు.”

హేమ వంగింది. తడిబల్ల మీద వేలితో, నాలిక కాస్త బైటపెట్టి దిద్దడం మొదలెట్టింది. “లాగండి!” అన్నాడు బెంజమిన్ నీళ్ళలోంచి. పేతురూ ఆ ఇద్దరూ వెనక్కి వాలి లాగేరు. పంటు కిర్రుమని ఒరిగింది. హేమ పక్కకి జారింది. చేత్తో బల్ల ఆనుకుని, “ఇటు చూడు మామ్మా, ఇలా!” అని విసుక్కుంది గాని లేవలేదు.

“కనబడ్డం లేదే. ఇంకా పెద్దగా రాయి!”

పంటు వచ్చి బురదలో దబ్బున ఆనింది. పేతురు ఒక్క అంగలో ఎక్కి పిల్లని లాక్కున్నాడు. పాపాయమ్మ చేతిలో పుల్ల జారిపోయింది. వెళ్ళి హేమ వీపు మీద ఒక్కటిచ్చింది. ఇచ్చి, ఆ వీపునే పట్టుకుని బావురుమంది.

పేతురు టీచరు మీద ఒంటికాలి మీద లేచేడు. “చదువు చెప్పమంటే ఏట్లోకి తోలతారాండీ పిల్లల్ని? ఇవేం ఆటలండీ?”

“తప్పేనండి” అంది టీచరు, ఏడుస్తూ. “నేను దగ్గరుండి చూసుకోవలసింది.”

“ఆవిణ్ణెందుకు అంటావు?” అంది పాపాయమ్మ. “ఆవరణ దాటొద్దని ఆవిడ చెప్పేరు. పంటుకి కట్టింది నేను. పిల్లకి చెప్పిందీ నేనే పేతురూ.”

పేతురు చెయ్యి లేచింది. వయసులో పెద్దదని గుర్తొచ్చిందో ఏమో, మళ్ళీ దిగింది.

అంతలో అతని జేబులో ఫోను మోగింది. కువైట్ నుంచి వీడియో కాలు. ఊళ్ళో కబురు అక్కడికి చేరడానికి గట్టు దిగినంత సేపు కూడా పట్టదు. పిల్ల ఏట్లో పడిందని ఎవరో పెట్టేసేరు. పేతురు తెర వైపు చూసేడు, ఎత్తలేకపోయేడు. ఫోను పాపాయమ్మ చేతిలో పెట్టేడు.

“నీకే కదా అప్పజెప్పింది. నువ్వే చెప్పు దాని తల్లికి.”

తెర మీద శారోను జుట్టంతా రేగిపోయి, నోరు తెరుచుకుని, ఎగశ్వాస తీస్తోంది. పాపాయమ్మ ముందు ఫోను హేమ వైపు తిప్పింది. బురదకొట్టుకుపోయిన పిల్ల, “అమ్మా, మామ్మకి మ రాదు” అంది. ఆ తరవాత ఫోను తన వైపు తిప్పుకుని, తన గొప్ప, తన ముడి, తన నోరు, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. పుల్లతో ఆడించిన సంగతి మాత్రం చెప్పలేదు.

శారోను కొంగుతో మొహం తుడుచుకోవడం కనబడుతోంది. తిడుతుందనుకుంది పాపాయమ్మ. తిట్టాలనే కోరుకుంది.

“అన్నం తిందా అత్తా?” అంది శారోను.

పాపాయమ్మ గట్టు మీద చతికిలబడిపోయింది. “లేదే తల్లీ” అంది. “ఇప్పుడు పెడతాను. ఫోను పెట్టెయ్యకు. నువ్వు చూస్తుండగానే పెడతాను.”