ఇద్దరు కొండమ్మలు

"ఆదివారం కూడా ఆ మొహమేంటి? ఆఫీసుని చెప్పులతో పాటు బయట విడిచి రాలేవా?" అన్నాడు రఘురామ్ భార్యతో, పేపర్లోంచి తలెత్తకుండా.

లక్ష్మీదుర్గ పులుసులోకి చింతపండు పిసుకుతోంది. నోరు తెరిస్తే నిన్న తను ఆడిన అబద్ధం బయటికొచ్చేస్తుందేమోనని భయం.

గుంటూరులో ఒక పత్తి కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్ ఆమెదే. ఆ కంపెనీకి సత్తెనపల్లి, పర్చూరు, వినుకొండల్లో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులున్నాయి. ఏ మిల్లు లెక్కలు ఆ మిల్లువే. ఒకచోట ఉన్నది ఇంకోచోట తెలిసేది కాదు. రెండువేల నాలుగులో వాటన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చే పని ఆమె మీద పడింది. పత్తి కొనుగోళ్లు, బేళ్ల నిల్వలు, కూలీల పేర్లు, అన్నీ. ఇంటికొచ్చేసరికి రోజూ రాత్రయ్యేది. "కోడలొచ్చినా నా చేతికి గరిటె తప్పలేదు" అని అత్తగారు బాలసరస్వతి ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది. తెల్లారకముందే లేచి రెండు పూటలకీ వండిపెట్టి వెళ్లేది లక్ష్మీదుర్గే. అయినా ఆ మాట విన్నప్పుడల్లా ఏదో తప్పు చేసినట్టే ముడుచుకుపోయేది.

కూలీల పేర్లు కలిపే రోజున రఘురామ్ తను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి ఫోన్ చేశాడు. "మా ప్రిన్సిపాల్ గారు భోజనానికొస్తున్నారు. పెందలాడే వచ్చెయ్. నా పరువు తియ్యకు."

అప్పుడామె ఎదుట తెరమీద ఇద్దరు కొండమ్మలున్నారు. సత్తెనపల్లిలో ఒకరు, వినుకొండలో ఒకరు. ఇద్దరి భర్త పేరూ మరియదాసే. ఆడకూలీలకి గుర్తుగా మొగుడి పేరు తప్ప ఏ మిల్లులోనూ ఇంకేమీ రాయలేదు. వినుకొండకి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. ఒకే మనిషి, మిల్లు మారి ఉంటుందిలే అనుకుని వినుకొండ కొండమ్మని తీసేసి ఇంటికి పరిగెత్తింది. ఆ రాత్రి గుత్తొంకాయ అద్భుతంగా కుదిరిందని ప్రిన్సిపాల్ గారు రఘురామ్‌ని మెచ్చుకున్నారు.

సీజను మొదలయ్యాక కొత్త లిస్టులో పేరున్నవాళ్లనే మిల్లులోకి రానిచ్చారు. నిన్న ఆ వినుకొండ కొండమ్మ బస్సెక్కి గుంటూరు ఆఫీసుకి వచ్చింది.

"నేనున్నానని చూపిద్దామని వచ్చానమ్మా. ఈ దగ్గు తెచ్చుకుంది ఆ మిల్లులోనే. అట్టాంటిది నా పేరే లేదంటన్నారు. మా ఆయనేమన్నాడో తెలుసా? 'మిల్లులో పేరే లేనిదానివి, ఇన్నేళ్లూ పొద్దున్నే తయారై ఎక్కడికి పోయావే?' అన్నాడు. మా వాడలో అందరూ విన్నారు."

లక్ష్మీదుర్గ తెరవైపు తిరిగింది. "కంప్యూటర్‌లో ఏదో తేడా వచ్చింది. చూస్తాంలే, వెళ్లు" అంది.

మేనేజరు రామచంద్రమూర్తి గారికి జరిగింది చెబితే ఆయన నవ్వారు. "అన్నీ కలిపేశామని ఇప్పుడే పైవాళ్ల దగ్గర మెప్పు పొందాం. వచ్చే సీజన్లో చూద్దాం. మీ పేరు మీరే చెడగొట్టుకోకండి."

ఆమె చెయ్యి చింతపండు గిన్నెలో ఆగిపోయింది. పెళ్లయినప్పట్నుంచీ తప్పు చేసినదానిలాగే బతుకుతోంది. కూర మాడితే తప్పు, పాపకి జ్వరమొస్తే తప్పు, బస్సు ఆలస్యమైనా తప్పు. అవన్నీ ఎవరో ఒకరు నెత్తిన పెట్టినవి. ఇది మాత్రం ఎవరూ పెట్టలేదు. ఫోన్ చేసింది రఘురామే, నిజమే. మీట నొక్కిన వేలు మాత్రం తనది.

చేతులు కడుక్కుని చీర మార్చుకుంది.

"పులుసో?" అంది అత్తగారు.

"చింతపండు పిసికి ఉంచాను అత్తయ్యా. మిగతాది మీ అబ్బాయి చూస్తారు."

ఆఫీసు తాళం తీయించి, వినుకొండ కొండమ్మ పేరు మళ్లీ చేర్చింది. పొరపాటు తనదేనని రాసి మేనేజరు బల్లమీద పెట్టి వినుకొండ బస్సెక్కింది.

మిల్లు వెనక వాడలో కొండమ్మ గుమ్మంలోనే కూచుని ఉంది.

"రేపట్నుంచి పనిలోకి వెళ్లొచ్చు కొండమ్మా. నీ పేరు తీసేసింది కంప్యూటర్ కాదు. నేనే."

కొండమ్మ ఆమె మొహంలోకి సూటిగా చూసింది. "నిన్న నా ఎదురుగ్గా కూచుని అబద్ధమాడావా అయితే?"

లక్ష్మీదుర్గ తలూపింది.

"నాకు చెబితే ఏం లాభం? నేను పనికే పోయానని నాకు తెలవదా? ఆయనకి చెప్పు."

లోపల మంచం మీద మరియదాసు లేచి కూచున్నాడు. ఆమె చెప్పింది. అతను చూపు నేలకి దించాడు.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది కొండమ్మ, "గట్టిగా. ఆ రోజు విన్నోళ్లందరికీ వినపడాల."

పక్కిళ్ల గుమ్మాల్లోకి ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. పెళ్లయ్యాక ఒక్కసారైనా గొంతు పెంచి ఎరగని లక్ష్మీదుర్గ వీధివైపు తిరిగి గొంతెత్తింది.