ఎవరి ఉత్తరం వాళ్ల పెట్టెలోకే

మారిత్స నది ఒడ్డున ఉన్న ఆ మిరప విత్తనాల కేంద్రంలో ఏడుగురికి ఈమెయిల్ ఉండేది. ఇంటర్నెట్టుకు కలిపే ఫోన్ లైను మాత్రం డైరెక్టర్ గెన్చెవ్ గదిలోనే. రోజూ అందరి ఉత్తరాలూ ఆయనే దింపుకొని, చదివి, నచ్చినవి అచ్చు తీసి పంచేవాడు. శాస్త్రవేత్త జ్లాతినాకు హంగరీ నుంచి సదస్సుకు పిలుపు వచ్చింది. అది ఆమె చేతికి అందేసరికి ఆయనే వెళ్లి, మాట్లాడి, తిరిగి వచ్చేశాడు.

అది విన్న రుమ్యానాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ కంప్యూటర్లు చూసేది ఆమే. డైరెక్టర్ సెలవులో ఉన్న వారం, ఫోన్ లైనును స్టోర్‌రూములోని లినక్స్ కంప్యూటరుకు మళ్లించింది. ఎవరి ఉత్తరాలు ఏ సర్వరు నుంచి తేవాలో, ఇక్కడ ఎవరి పెట్టెలో వెయ్యాలో ఒక ఫైలులో మనిషికో వరుస రాసింది. ఉన్నవాళ్లందరిచేతా డైరెక్టరుకు తెలిసిన పాత పాస్‌వర్డులు మార్పించింది. కొత్తవి ఆ ఫైలులో వాళ్లే కొడుతుంటే తాను మొహం పక్కకు తిప్పుకుంది. ఇరవై నిమిషాలకోసారి యంత్రమే ఫోను కలిపి ఉత్తరాలు తెచ్చేలా పెట్టింది. జ్లాతినాకు పంపిన మొదటి పరీక్ష ఉత్తరం వచ్చి రుమ్యానా పెట్టెలోనే పడింది. జ్లాతినా వరుసలో ఇక్కడి పెట్టె పేరు రాయడం మరిచింది. దిద్దింది.

సోమవారం సెలవు నుంచి వచ్చిన గెన్చెవ్ తన పాస్‌వర్డూ యంత్రంలో కొట్టాడు. ఉత్తరాలు చూసుకొని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"నాకు రెండే ఉత్తరాలొచ్చాయేంటి?"

"మీకు రాసింది ఇద్దరేనండి."

"మిగతావాళ్లవో?"

"వాళ్ల దగ్గరున్నాయి."

"అన్నిటికీ ఓ నకలు నాకొచ్చేలా పెట్టు."

"పెట్టనండి."

గదిలో అందరూ పని ఆపేశారు.

"పోనీ, ఆ ఫైలు నన్ను చూడనియ్యి."

"అందులో అందరి పాస్‌వర్డులూ ఉన్నాయి. వేరేవాళ్లు చదవగలిగేలా ఉంచితే ఉత్తరాలు తెచ్చే ప్రోగ్రామే మొరాయిస్తుందండి. దానికున్నపాటి సిగ్గు మనకుండొద్దా?"

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. గెన్చెవ్ మొహం కందగడ్డయింది.

"రేపట్నుంచి పొలంలో కాయలు కొయ్యి."

"కోస్తానండి. మీరు మాత్రం ఆ నకలు సంగతి కాయితమ్మీద రాసి సంతకం పెట్టండి. గేటు దగ్గర అంటిస్తా."

జ్లాతినా లేచి నిలబడింది. "నాకూ ఓ బుట్ట ఇప్పించండి."

ఆయన సంతకం పెట్టలేదు. ఇద్దరూ మూడు వారాలు మిరపకాయలు కోశారు. వేళ్లు భగభగ మండేవి. కన్ను నలుపుకోవడానికి కూడా లేదు. ఉత్తరాలు మాత్రం ఎవరివి వాళ్లకు వస్తూనే ఉన్నాయి.

నాలుగో వారం గుమాస్తా పరిగెత్తుకొచ్చాడు. డైరెక్టర్ తన పాస్‌వర్డు తానే మార్చుకున్నాడట. కొత్తది యంత్రానికి తెలియక ఆయన ఉత్తరాలన్నీ ఆగిపోయాయి.

"నిన్ను వెంటనే రమ్మంటున్నారమ్మా."

రుమ్యానా వంచిన నడుం ఎత్తలేదు.

"ఈ సాలు అయ్యాక వస్తానని చెప్పు."