వేలు ఆగాల్సిన చోటు

కుట్టుమిషన్ల దుకాణం పైన రెండు గదులు. కింద మిషన్లు తిరిగితే పైన బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. ఆ రెండు గదుల్లో నలుగురు కూర్చుని ఒక పెట్టె తయారుచేస్తున్నారు. నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డుకు తీగ తగిలించకుండా, ఒంటి మీద చెయ్యి వెయ్యకుండా, ఒక్క కెమెరా కంటితో చూసి ఊపిరి లెక్కపెట్టే పెట్టె అది. ఊపిరి మరీ ఎక్కువసేపు ఆగితే మోగి నర్సును పిలవాలి. అంతే దాని పని. అంతకంటే పెద్ద పని లోకంలో ఉంటే ఉండొచ్చు, నేనైతే చూడలేదు.

కాలేజీలో ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె అక్కడికి ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది. జీతం లేదు. చివర్లో వాళ్ళు రాసిచ్చే ఉత్తరాన్ని బట్టి కాలేజీలో మార్కులు వేస్తారు. ఆ మార్కులు వస్తేనే డిగ్రీ.

ఆమె చెయ్యాల్సిన పనులు గోడకు అంటించి ఉన్నాయి. పొద్దున్నే కెమెరాల అద్దాలు తుడవాలి. బ్యాటరీలు ఛార్జింగ్‌లో పెట్టాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన వీడియోలకు నంబర్లు వెయ్యాలి. ఆ తరువాతే అసలు పని. ఒక్కో వీడియో అయిదు నిమిషాలు. తెర మీద బిడ్డ ఛాతీ లేచినప్పుడల్లా కీబోర్డు మీద వేలితో ఒక్క దెబ్బ వెయ్యాలి. పెట్టెకు ఊపిరంటే ఏమిటో తెలియదు. అమ్మాయి వేలు ఏది చూపిస్తే దానికి అదే ఊపిరి. అట్టడుగున ఒక వాక్యం ఉంది: అనుమానం వస్తే వీడియో పక్కన పెట్టు, నర్సమ్మ వచ్చినప్పుడు చూపించు.

మొదటి వీడియో చూసి అమ్మాయి నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ ఛాతీ అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. పక్కటెముకలు దువ్వెన పళ్ళలా కనబడుతున్నాయి. వాటి కింద గుంట పడుతోంది, తేలుతోంది, నిమిషానికి యాభై సార్లు. అంత చిన్న ఒంటికి అంత పట్టుదల ఎవరు నేర్పారో. ఆ రోజు వేలు వెయ్యడానికే ఆమెకు భయమేసింది.

వారం తిరిగేసరికి భయం పోయింది. వేలికి లయ పట్టుబడింది. ఇదివరకు వచ్చిన ఇంటర్నులు రోజుకు ఇరవై వీడియోలు చేసేవాళ్ళు, పదింట్లో మూడు అనుమానమని పక్కన పెట్టేవాళ్ళు. ఈమె రోజుకు నలభై చేసింది. ఒక్కటీ పక్కన పెట్టలేదు. కంప్యూటర్లు చూసుకునే కళ్ళజోడు అబ్బాయి ఆమెను ఎక్స్‌ప్రెస్ అని పిలవడం మొదలుపెట్టాడు. ఈ సంస్థను స్థాపించిన ఇంజనీరమ్మను ఎదురుగా అందరూ అక్కా అంటారు, వెనక సూది అంటారు. ఆ సూది కూడా నలుగురి ముందు, "పనంటే ఇలా చెయ్యాలి" అంది. ఆమె నోట ఒకరికి మెప్పు రావడం ఆ గదుల్లో అదే మొదలు. అనుమానమే రాని మనిషిని చూసి అనుమానించాల్సింది. అనుమానించలేదు. ఆ తప్పు సూదిదే.

ఒక గురువారం సాయంత్రం అమ్మాయి, వాళ్ళ నాన్న భోజనానికి కూర్చున్నారు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. తల్లి పోయి నాలుగేళ్ళయింది. నాన్న ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద ఇనుప కడ్డీలు తరుగుతాడు.

"ఏమ్మా, ఇవాళ ఏం వెలగబెట్టావు?"

"నలభై ఒక్క వీడియోలు కొట్టాను నాన్నా."

"కొట్టడమేనా? దానికి ఇంత చదువెందుకు? వడ్రంగిపిట్టను పెట్టుకుంటే జీతం కూడా అడగదు."

"నాకు మాత్రం ఇస్తున్నారా ఏం?"

నాన్న నవ్వాడు. అమ్మాయికి ఊపొచ్చింది. "అక్కడివన్నీ డొక్కు కంప్యూటర్లు నాన్నా. మధ్యమధ్యలో బొమ్మ బిగుసుకుపోతుంది. వేరేవాళ్ళయితే అక్కడ చతికిలబడి పక్కన పెట్టేసేవాళ్ళు. నేను ఆగను. అదే లయలో కొట్టుకుంటూ పోతా. ఏడెనిమిది సెకన్లలో మళ్ళీ కదులుతుంది, సరిగ్గా నా లెక్కలో వచ్చి కలుస్తుంది."

నాన్న ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"బిగుసుకున్నది బొమ్మేనని నీకెవరు చెప్పారు?"

"మరింకేం బిగుసుకుంటుంది?"

ఆయన నీళ్ళు తాగాడు. "మీ అమ్మ దగ్గర ఆఖరి మూడు రోజులూ కూర్చున్నది నేను. నువ్వు పరీక్షలు రాస్తున్నావు. ఊపిరి ఆగేది. నేను వేళ్ళు మడిచేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ వచ్చేది. అక్కడ ఏ కంప్యూటరూ లేదు."

"అది వేరు నాన్నా. వీళ్ళు పసివాళ్ళు."

"వేరో కాదో నాకు తెలీదు. కొలవని చోట కొలత రాస్తే మా మేస్త్రీ చెంప పగలగొట్టేవాడు. నాకు తెలిసింది అదే."

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఊరడించడం ఆయనకు చేతకాదు, చేతనవ్వాలని కోరికా లేదు.

మర్నాడు అందరికంటే ముందు అమ్మాయి ఆఫీసు తలుపు తీసింది. తాను కొట్టిన వీడియో ఒకటి తెరిచి చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. ఇరవై మూడో సెకనులో ఆగింది. ఆమె తెర మూలకు చూసింది. అక్కడ సన్నటి తెల్ల అంకెలు ఉంటాయి. పదకొండు రోజులుగా వాటి మొహం చూడలేదు. ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు. అంకెలు నడుస్తూనే ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. చిటికెన వేలు మాత్రం మెల్లగా విప్పుకుని మళ్ళీ ముడుచుకుంది.

బొమ్మ బిగుసుకోలేదు. బిడ్డే ఆగాడు.

ముప్ఫై ఒకటో సెకనులో ఛాతీ ఒక్కసారిగా ఎగిరింది. ఏదో ఆలోచించుకుని, సరే బతుకుదాంలే అని ఒప్పుకున్నట్టు. అమ్మాయి కిందికి చూసింది. తెర అడుగున ఆ ఎనిమిది సెకన్లలో తాను వేసిన ఏడు దెబ్బలూ ఏడు ఎర్ర గీతలై నిలబడి ఉన్నాయి.

ఇంకోటి తెరిచింది. ఇంకోటి. అన్నీ అంతే. అలాంటివి నాలుగువందల పన్నెండు చేసింది. సోమవారం పెట్టెను ఆసుపత్రికి తీసుకెళ్ళి బిడ్డల దగ్గర పెడతారు. నోరు మూసుకుని కూర్చుంటే ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఉత్తరం బ్రహ్మాండంగా వస్తుంది. ఆ ఆలోచన ఆమెకు రాలేదంటే అబద్ధం. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. మెట్ల మీద చెప్పుల చప్పుడయ్యేదాకా కూర్చుంది.

"అక్కా, నేను లేని ఊపిర్లు కొట్టాను."

సూది భుజం మీది సంచి దించలేదు. "ఎన్ని?"

"తెలీదు."

"తెలీదు అనేది అంకె కాదు."

"ఏ బిడ్డ ఎక్కడ ఆగితే అక్కడల్లా. నాలుగువందల పన్నెండు వీడియోల్లో."

సూది పెట్టెను తెచ్చి దాని కెమెరాను తెరకెదురుగా తిప్పింది. ఊపిరి తీసినప్పుడల్లా పెట్టె మీద పచ్చ దీపం ఒకసారి వెలగాలి. వీడియోలో ఛాతీ లేచింది, దీపం వెలిగింది. లేచింది, వెలిగింది. ఛాతీ ఆగింది. దీపం వెలిగింది. మళ్ళీ వెలిగింది. ఊపిరి లేదు, దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. ఏం నేర్పితే అది పొల్లుపోకుండా నేర్చుకుంది. ఇద్దరూ దాన్ని దయ్యాన్ని చూసినట్టు చూశారు.

"అచ్చం నీలాగే" అంది సూది.

తరువాత ఆసుపత్రికి ఫోన్ చేసి, సోమవారం రావడం లేదని, తప్పు మాదేనని చెప్పింది. అవతలి డాక్టరు ఏమన్నాడో గాని ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"నా ఉత్తరం..." అంది అమ్మాయి.

"రాస్తాను. ఉన్నదున్నట్టు రాస్తాను. నీ వేగం చూసి నేను తందానా పాడాను, అదీ రాస్తాను. ముందు నర్సమ్మతో వెళ్ళు. దేన్ని లెక్కపెడుతున్నావో కళ్ళారా చూసిరా."

నర్సమ్మ ముప్ఫై ఏళ్ళు పసిపిల్లల వార్డులో చేసి రిటైరైన మనిషి. వారానికి రెండుసార్లు వచ్చి అనుమానం వీడియోలు చూసి తీర్పు చెబుతుంది. శనివారం పొద్దున అమ్మాయిని తన పాత వార్డుకు తీసుకెళ్ళింది.

"మోచేతుల దాకా కడుగు. ఇంకా. ఆ ఆత్రం కూడా కడిగేసుకో."

లోపల వెచ్చగా, మసకగా ఉంది. వరసగా అద్దాల తొట్లు. మొదటి తొట్టిలో ఉన్న బిడ్డ అమ్మాయి అరచేతి నుంచి మోచేతి దాకా కూడా లేడు. తల మీద టోపీ నిమ్మకాయకు తొడిగినట్టుంది. తెర మీద ఆమె ఎప్పుడూ ఛాతీ ఒక్కటే చూసేది. దానికి ఇంత మొహం ఉందని, ఆ మొహానికి కనుబొమలు ముడిచే కోపం కూడా ఉందని ఆమెకు ఇప్పుడు తెలిసింది. బిడ్డ గబగబా ఊపిరి తీశాడు, పరుగు పందెంలో ఉన్నట్టు. ఆగిపోయాడు.

అమ్మాయి వేలు దానంతటదే తొట్టి అంచు మీద కొట్టింది. నర్సమ్మ ఆ వేలు పట్టుకుంది.

"దీన్ని ఆపు. వాడి ఊపిరి నువ్వు తీస్తావా?"

ఇద్దరూ నిలబడ్డారు. ఏమీ కదలని అన్ని సెకన్లు అమ్మాయి ఎన్నడూ చూడలేదు. తొట్టి పక్కన ఎక్కడో నీళ్ళు బొట్టుబొట్టుగా పడుతున్నాయి. బిడ్డ ఛాతీ ఎగిరింది.

"తొమ్మిది" అంది నర్సమ్మ. "నెలలు నిండనివాళ్ళు ఇంతే. పరుగెత్తుతారు, ఆగుతారు, మళ్ళీ మొదలుపెడతారు. ఇరవై దాటితే మనం అరికాలు తట్టి పిలవాలి. ముప్ఫై ఏళ్ళు చూశాను. ఇప్పటికీ ఆ ఆగినంతసేపూ నాకు ఒంటి నిండా చెమటలే."

నాలుగువందల పన్నెండు వీడియోలూ అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి చేసింది. రోజుకు పదిహేను దాటలేదు. ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. కాలేజీ గడువు దాటిపోయింది. సూది ఉత్తరం ఉన్నదున్నట్టే రాసింది. కాలేజీవాళ్ళు తమ మెడ మీద ఎవరో కత్తి పెట్టినట్టు అత్తెసరు మార్కులు వేసి గట్టెక్కించారు. ఎవరినీ బతిమాలడానికి ఆమె వెళ్ళలేదు.

పెట్టెను వార్డుకు తెచ్చిన రోజు ఆమెనూ రమ్మన్నారు. నర్సమ్మ చేతిలో గడియారం, కాగితం. సూది గోడకు ఆనుకుని నిలబడింది. పచ్చ దీపం బిడ్డ ఛాతీతో పాటు వెలుగుతూ వచ్చింది. ఛాతీ ఆగింది.

దీపం ఆరింది. ఆరిపోయి అలాగే ఉంది. నాలుగు. ఆరు. ఎనిమిది. వెలగని దీపాన్ని చూసి ఒళ్ళు గగుర్పొడవడం ఆమెకు అదే మొదటిసారి. సూది ఊపిరి బిగబట్టింది. ఆ మనిషికి కూడా ఊపిరి ఉందని అమ్మాయి ఎప్పుడూ అనుకోలేదు. పది.

ఛాతీ ఎగిరింది, దీపం వెలిగింది.

నర్సమ్మ కాగితం మీద పదకొండు అని రాసింది. వంగి పెట్టె తెర చూసింది. అక్కడా పదకొండే ఉంది. లోపల బిడ్డ ఇదేదీ తనకు పట్టనట్టు, నిమిషానికి యాభై చొప్పున, తన పని తాను చేసుకుపోతున్నాడు.