సెతో తీరంలో చూడదగ్గ మ్యూజియంలు

బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల వెనక సందులో ఒక ట్రావెల్ ఆఫీసు ఉంది. అక్కడ జపాన్ సంగతి ఎవరడిగినా వేళ్లన్నీ సనావుల్లా వైపే తిరిగేవి. సనావుల్లాది ప్రొద్దుటూరు. ఊళ్లో ఉన్నప్పుడు బట్టల అంగళ్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మూలపడ్డాక దుబాయ్ వచ్చి ఈ ఆఫీసులో డ్రైవరుగా చేరాడు. కస్టమర్లను ఎయిర్‌పోర్టులో దించి వస్తూ వస్తూ నాలుగేళ్లకు లోపల కుర్చీ సంపాదించాడు. జపాన్ టేబుల్ అప్పట్లో ఎవరికీ అక్కర్లేనిది గనక అతనికి దొరికింది.

ఒకసారి షార్జా నుంచి ముసలి జంట ఒకటి వచ్చి, గుళ్లూ బుల్లెట్ రైళ్లూ వద్దు, మంచి చిత్రాలున్న చోట్లు చెప్పమంది. సనావుల్లాకు ఒక్కటీ తెలియదు. వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని వెతికితే, జపాన్ పడమటి దిక్కున సెతో అనే లోపలి సముద్రం ఉందనీ, దాని నిండా చిన్న చిన్న దీవులున్నాయనీ, ఆ దీవుల్లో మ్యూజియంలు కట్టారనీ తెలిసింది. నవోషిమా అనే దీవిలో ఒక మ్యూజియం కొండలోకి దించి కట్టారు. అందులో మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడు గీసిన కలువల కొలను చిత్రాలున్నాయి. ఆ గదిలో దీపాలు లేవు. పైనుంచి దిగే పగటి వెలుగే. పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు, మబ్బు పడితే మరో రంగు.

ఆ ముక్క చదివి సనావుల్లా కుర్చీలో వెనక్కి వాలాడు. బోర్డులు రాసినవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. పొద్దున ఎర్రగా వేసిన అక్షరం సాయంత్రానికి ఇటుక రంగులోకి దిగిపోతే, రంగు కల్తీ చేశావంటూ షావుకార్లు తగువుకొచ్చిన రోజులు అతను మరిచిపోలేదు. ఇక్కడెవరో ఆ తగువునే వైభోగంగా మార్చి ఒక గది కట్టారు.

అప్పటినుంచి అది అతనికి పిచ్చిగా పట్టుకుంది. రెండు పేజీల కాగితం ఒకటి తయారుచేసి, పైన 'సెతో తీరంలో చూడదగ్గ మ్యూజియంలు' అని పేరు పెట్టాడు. కురాషికిలో ఓహారా మ్యూజియంతో మొదలుపెట్టండి, కాలువ పక్కనే, పొద్దున్నే పోండి. నవోషిమాకు ముందే టికెట్ తీసుకోండి. ఇనుజిమాలో పాత రాగి కార్ఖానాను మ్యూజియం చేశారు, పొగగొట్టాలు అలాగే ఉంచారు. తెషిమాలో మాత్రం చెప్పులు విడిచి లోపలికి పోవాలి, అక్కడ గోడ మీద చిత్రాలేమీ ఉండవు, నేలలోంచి నీటిబొట్లు ఊరి, ఒకదాన్నొకటి కలుపుకుని పాకుతుంటాయి, మాట్లాడకుండా కూర్చోండి. కాగితం చదివినవాళ్లంతా ఇతను ఆ దీవుల్లో తిరిగి తిరిగి వచ్చాడనుకునేవారు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

2020 జనవరిలో సనావుల్లా మెట్రో మెట్ల మీద రెండోసారి పడ్డాడు. అప్పటికే ఏడాదిగా పక్కనుంచి వచ్చే మనుషులు అతనికి గాల్లోంచి ఊడిపడ్డట్టు కనిపిస్తున్నారు. భార్య సైదున్నీసా అతన్ని అల్ కుసైస్‌లో ఒక కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆమె బర్ దుబాయ్‌లోనే ఒక టైలరింగ్ షాపులో జాకెట్లు కుట్టేది. సూదిలో దారం ఎక్కించమంటే ఈమధ్య మొగుడు ఎందుకు చిరాకు పడుతున్నాడో ఆమెకు ఆ రోజు అర్థమైంది. కంటి వెనక తెర ఎండిపోతోందని, అది పుట్టుకతో వచ్చిన జబ్బని, మందు లేదని డాక్టరు చెప్పాడు. అంచుల్లోంచి చీకటి లోపలికి వస్తుంది. నడిమధ్య చూపు రెండేళ్లు ఉంటుందేమో, కాస్త ఎక్కువో తక్కువో.

"చూడాలనుకున్నవి ఏమన్నా ఉంటే ఇప్పుడే చూసుకోండి," అన్నాడు డాక్టరు. తప్పించుకునే మాట కాదది, నిజంగానే సలహా ఇచ్చాడు.

బయటికొచ్చాక సైదున్నీసా రోడ్డు పక్కన నిలబడి ఏడ్చింది. సనావుల్లా ఏడవలేదు. "ఏప్రిల్‌లో పోదాంమే," అన్నాడు.

"యాడికి?"

"జపాన్‌కు. ఆ కొండలో ఉండే కలువపూలు చూడల్ల నేను. నువ్వూ రా."

ఆఫీసు యజమాని షాహబాజ్ హైదరాబాద్ మనిషి. విషయం విని సనావుల్లా భుజం మీద చెయ్యి వేసి, టికెట్ల పని తనే చేయించాడు. ఫిబ్రవరి ఆఖరులో వీసా ముద్రపడింది. ఏప్రిల్ పదిన ప్రయాణం. సనావుల్లా ఒక్కో మ్యూజియానికి ఎంతసేపు కావాలో లెక్క వేసుకున్నాడు. కలువల గదిలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇతరులకు రాసిచ్చినప్పుడు గంట చాలని రాసేవాడు. తనకు మాత్రం రోజంతా పెట్టుకున్నాడు.

మార్చిలో విమానాలు ఆగిపోయాయి. జపాన్ ఇచ్చిన వీసాలు చెల్లవంది. బర్ దుబాయ్ దుకాణాల షట్టర్లు దిగాయి. సైదున్నీసా మాస్కులు కుట్టింది. సనావుల్లా ఇంట్లో కూర్చుని పొద్దున లేవగానే ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని జపాన్ వాళ్ల ప్రకటన చూసేవాడు. ఈ నెల కాదు. పై నెలా కాదు. ఎండాకాలం పోయింది, మళ్లీ వచ్చింది. దుబాయ్ తెరుచుకుంది, మాల్దీవులు తెరుచుకున్నాయి, జనం విమానాలెక్కి తిరుగుతున్నారు. జపాన్ మాత్రం తలుపు వేసుకుని కూర్చుంది. సైదున్నీసా ఓర్చుకోలేక ఒకరోజు అనేసింది:

"వాళ్ల బొమ్మలు వాళ్లే చూసుకోనీలేప్పా. వేరే యాడన్నా పోదాం. ఊటీ పోదాం, కాశ్మీర్ పోదాం."

"తీస్తారుమే. ఇంగ రెండు నెల్లు, అంతే."

కళ్లు ఆ రెండు నెలల కోసం ఆగలేదు. మొదట ఊదుగొట్టంలోంచి చూసినట్టుండేది. తరవాత ఆ గొట్టం సన్నబడింది. సైదున్నీసా ముఖంలో ఒకసారి కన్ను, ఒకసారి పెదవి దొరికేవి, రెండూ కలిపి దొరికేవి కావు. 2022 వేసవిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, బిర్యానీ ముందు కూర్చుని, "లైటు వేయకూడదా?" అన్నాడు. లైటు వెలుగుతూనే ఉంది. కిటికీలోంచి ఎండ కూడా పడుతోంది. సైదున్నీసా లేచి స్విచ్ ఆర్పి, మళ్లీ వేసింది. ఆ చప్పుడు విని అతను, "ఆఁ, ఇప్పుడు పర్వాలేదు," అన్నాడు. ఇద్దరూ అన్నం తిన్నారు.

ఆ అక్టోబరులో జపాన్ తలుపులు తీసింది.

వార్త చెప్పింది సైదున్నీసానే. "పోదాం పా. నేను చూసి నీకు చెప్తా. ఏ రంగుండాదో, యాడ ఏముండాదో అంతా చెప్తా," అంది.

"ఇప్పుడు పోయి ఏం చేస్తామే? నా మొగం దానికి చూపించి రావల్నా?"

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కానీ ప్రపంచమంతా జపాన్ మీద పడింది. షాహబాజ్ ఆఫీసులో ఫోను ఆగడం లేదు. కరోనాలో పాతవాళ్లంతా వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకు టోక్యో తప్ప ఇంకోటి తెలియదు. షాహబాజ్ స్వయంగా ఇంటికి వచ్చాడు. "సనాభాయ్, మీ దిమాగ్‌లో ఉన్నది ఎవ్వరికీ లేదు. మీరు కుర్చీలో కూసొని చెప్పండి, బస్. రాసేటిది మంగ రాస్తది."

మంగ రాజమండ్రి పిల్ల, కొత్తగా చేరింది. సనావుల్లా చెబుతుంటే టకటకా టైపు చేసేది. "అబ్బ, ఎంత బాగా చెప్తారండీ! కళ్లక్కట్టినట్టుంటదండీ," అనేసి, వెంటనే నాలుక కరుచుకునేది. సనావుల్లా నవ్వేవాడు. ఆ ఏడాది అతనికి కాస్త బాగానే గడిచింది. పడవ ఎన్ని నిమిషాలు, ఏ రేవులో దిగాలి, సైకిలు ఎక్కడ అద్దెకు దొరుకుతుంది, అన్నీ నోటికున్నాయి. వెళ్లి వచ్చినవాళ్లు జపాన్ మిఠాయిలు తెచ్చి అతని చేతిలో పెట్టేవారు. 'మీరు చెప్పినట్టే ఉంది' అనేవారు. ఆ మాట విన్న రోజు అతను ఇంటికొచ్చి ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

2023 డిసెంబరులో స్వర్ణ వచ్చింది. జగిత్యాల దగ్గరి పల్లె. అబూ దాబీలో నర్సు, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉంటుంది. కరోనా వార్డులో రెండేళ్లు పనిచేసింది. ఆ రోజుల్లోనే భర్త రత్నాకర్ ఊళ్లో పోయాడు. విమానాల్లేక కడసారి చూపుకు కూడా పోలేకపోయింది. ఇవన్నీ ఆమె ఏడుస్తూ చెప్పలేదు, ఫారం నింపుతున్నట్టు చెప్పింది. జనవరిలో వారం సెలవు దొరికింది.

"ఎవ్వలు మాట్లాడని జాగ ఏదన్న ఉన్నదా అన్నా? నాకు మెషిన్ల చప్పుడు ఇంక చెవుల్నే ఉన్నది. ఒక్క పూట గమ్మున కూసోవాలె."

సనావుల్లా తెషిమా గురించి చెప్పాడు. ఎవరికీ చెప్పనంత వివరంగా చెప్పాడు. పైకప్పులో రెండు పెద్ద గుండ్రటి కంతలు, వాటిలోంచి ఆకాశం, గాలి, ఒక్కోసారి ఆకు. చెప్పులు విడిచాక పాదానికి తగిలే సిమెంటు చల్లదనం. నేలలోంచి బొట్టు ఊరి, ఎటు పోదామా అన్నట్టు కాసేపు ఆగి, ఇంకో బొట్టు కనపడగానే గబగబా జారిపోవడం. స్వర్ణ కదలకుండా వింది. "గదే కావాలె," అంది. మంగళవారం దానికి సెలవు, బుధవారం పోమ్మా అని సనావుల్లా చెప్పాడు. మంగ అలాగే బుక్ చేసింది. దీవిలో ఒక రాత్రి, గురువారం సాయంత్రం వెనక్కి.

జనవరి ఆఖరులో ఒక సాయంత్రం స్వర్ణ ఆఫీసుకు వచ్చింది. మిఠాయి డబ్బా టేబుల్ మీద పెట్టిన చప్పుడయింది.

"ఎట్లుండాదమ్మా?" అన్నాడు సనావుల్లా ఆత్రంగా.

"బందు ఉండెనన్నా."

"బందేంది? మంగళారం గదా సెలవు."

"చలికాలంల మంగళ, బుధ, బేస్తారం మూడొద్దులు బందంట. బోర్డు పెట్టిన్రు. గేటు కాన్నే గంట సేపు కూసున్న. ఏం కాదన్నా, చెట్ల సందులకెళ్లి సముద్రం కనవడ్డది. మంచిగనే ఉండె."

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు రోజులు. సనావుల్లాకు తెలుసు ఆ సంగతి. కాగితంలో అడుగున చిన్న అక్షరాల్లో తనే రాశాడు. కళ్లున్నప్పుడు ప్రతి బుకింగుకూ ముందు కంప్యూటర్‌లో ఆ మ్యూజియం వాళ్ల పేజీ తెరిచి చూసుకునేవాడు. ఇప్పుడు నోటికొచ్చింది చెప్పాడు.

"నాదే తప్పు తల్లీ," అన్నాడు.

"తప్పేం లేదన్నా. నువ్వు చెప్పినప్పుడే నేను సగం చూసిన. నువ్వు మంచిగ చూసినవ్ గద, గందుకే గట్ల చెప్తవ్."

"నేను చూడలేదమ్మా."

"ఇప్పుడు గాదు, కండ్లున్నప్పుడు..."

"కండ్లున్నప్పుడు కూడా పోలేదు. ఎప్పుడూ పోలేదు. అన్నీ కంప్యూటర్‌లో చూసిందే."

పక్కన మంగ టైపు చేయడం ఆపేసింది. కోప్పడితే బాగుండునని సనావుల్లా ఎదురుచూశాడు. స్వర్ణ కుర్చీ జరిపి లేచింది. "సరే అన్నా, నాకు డ్యూటీ ఉన్నది," అంది. అంతకుముందున్న దగ్గరితనం ఆ గొంతులో లేదు. మళ్లీ ఎప్పుడన్నా పోతావా అని అడగబోయి అతను ఆగాడు. తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

మర్నాడు షాహబాజ్ అతనికి చాయ్ తెప్పించి, పక్కన కూర్చున్నాడు. చాలాసేపు పిల్లల గురించీ, చలి గురించీ మాట్లాడాడు. చివరికి, "ఇగ మంగ నేర్చుకున్నది సనాభాయ్. మీరు ఆరామ్ తీస్కోండి," అన్నాడు.

"ఖలాస్ అంటాండావా షాహబాజ్ భాయ్?"

షాహబాజ్ గ్లాసు కింద పెట్టాడు. సనావుల్లా దుబాయ్ వీసా మార్చి దాకా ఉంది. ఆ తరవాత ఆఫీసు పేరు మీద కొత్తది రాదు.

మంగ ఆ రోజు అతన్ని మెట్రో దాకా దిగబెట్టింది. దారిలో, "పాత కాగితం నా దగ్గర ఉందండీ. అదే వాడుకోమంటారా?" అని అడిగింది.

"వాడుకోమ్మా. కానీ దాన్ని నమ్మొద్దు. వాళ్లు పోయేది ఏ రోజో చూసి, ప్రతిసారీ కొత్తగా కనుక్కొని చెప్పు. చూసేదానికి నీకు కండ్లుండాయి." మెట్రో మెట్ల దగ్గర, "కాగితం మీద నా పేరు మాత్రం తీసెయ్," అన్నాడు.

ఫిబ్రవరిలో సైదున్నీసా సామాను కట్టడం మొదలుపెట్టింది. షాపులో ఆమె ఉద్యోగం ఉంది. కానీ చూపులేని మనిషిని పొద్దస్తమానం గదిలో ఒంటరిగా వదలలేదు. ఊరికి ఇద్దరూ పోవడమే. ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ, మొగుడు గోడ వైపు తిరిగి కూర్చోవడం చూసి, మాట కలుపుదామని అడిగింది:

"ఆ కలువపూల గది ఎట్లుంటాదో నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు? ఊరోళ్లందరికీ చెప్పినావు."

సనావుల్లా ఆమె గొంతు వైపు తిరిగాడు. "గోడలన్నీ తెల్లగుంటాయి. మూలలు గుండ్రంగుంటాయి. నేల మీద చిన్న చిన్న తెల్లరాళ్లు పరిచినారు. చెప్పులిడిచి వాళ్లిచ్చినవి ఏసుకొని పోవల్ల. బొమ్మ చానా పెద్దది. నీలం..."

అక్కడ ఆగాడు. ఎటువంటి నీలమో వెతుక్కున్నాడు. బోర్డుల రోజుల్లో డబ్బాల పేర్లతో సహా పది నీలాలు తెలుసతనికి. వాటిలో ఒక్కదాన్నీ కంటి వెనక నిలబెట్టలేకపోయాడు. ఇప్పుడు చెప్పిందంతా కాగితంలో తను రాసిన వాక్యాలే, అదే వరసలో, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా వచ్చాయి. వాటి వెనక చిత్రం ఏమీ లేదు.

"నీలం, ఇంగ?" అంది సైదున్నీసా.

"అంతేమే," అన్నాడు.

ఆమె ఇంకాసేపు చూసి, చేతిలోని చొక్కా మడిచి పెట్టెలో పెట్టింది.